గేటు బయటికి ఆకు, గేటు లోపలికి గెత్తం: విశాఖ తోటపని వ్యాపారంలో వ్యర్థాల లెక్క

మధురవాడలోనో పెందుర్తిలోనో ఒక పెద్ద అపార్టుమెంటు తోట నిర్వహణ ఒప్పుకుని, ఏడాదిపాటు గేటు దగ్గర వచ్చీపోయే ట్రాక్టర్లను ఒక నోటుపుస్తకంలో రాసి చూడండి. బయటికి పోయేవి ఎండుటాకు, లాన్ కోసిన గడ్డి, హెడ్జ్ (కంచె మొక్కల) కత్తిరింపులు, కొబ్బరి మట్టలు. లోపలికి వచ్చేవి పశువుల గెత్తం (పేడ ఎరువు), వర్మికంపోస్టు, కోకోపీట్ (కొబ్బరి పొట్టు), ఎర్రమట్టి. బయటికి పోయినదీ లోపలికి వచ్చినదీ చాలావరకు ఒకటే సరుకు. రెంటికీ మధ్య తేడా మూడు నాలుగు నెలల గడువు, కాస్త నీరు, కాస్త చాకిరీ. కిరాయి మాత్రం రెండువైపులా పడుతుంది, రెండుసార్లూ తోట కాంట్రాక్టరే కడతాడు.

అందుకే ఈ వ్యాపారంలో రీసైక్లింగ్ అనే మాటను పర్యావరణ దినోత్సవం నాటి బ్యానరుకు వదిలేయకూడదు. అది కొనుగోళ్ల పద్దులో తేలాల్సిన విషయం. ఏ మొక్క తెచ్చారు, ఏ మట్టి పోశారు, లాన్ ఎంత వేశారు అన్న దగ్గరే సగం వ్యర్థం ఖాయమైపోతుంది. మిగతా సగం రోజువారీ పని తీరుతో వస్తుంది.

చట్టం వైపు నుంచి చూసినా సంగతి ఇదే. 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు తోట వ్యర్థాన్ని ఎవరి ఆవరణలో పుడితే అక్కడే విడిగా ఉంచాలని, స్థానిక సంస్థ చెప్పిన పద్ధతిలోనే తరలించాలని చెప్పాయి. వీధిలో, కాలువలో, ఖాళీ స్థలంలో పారేయడాన్నీ తగలబెట్టడాన్నీ నిషేధించాయి. ఆకు కుప్పకు అగ్గిపుల్ల గీసే అలవాటు మన కాలనీల్లో ఇంకా పోలేదు. ఆ కుప్పలో గన్నేరు రెమ్మలు కలిస్తే పొగ కూడా విషమే. జీవీఎంసీ (నగరపాలక సంస్థ) బండికి ఎక్కించినా ఆకు చివరికి కాపులుప్పాడ చెత్త యార్డుకే చేరుతుంది. ఆకు అక్కడ కుళ్లడం కంటే రాలిన చెట్టు కింద కుళ్లడమే మేలు.

మట్టి: ముందుగా పోగొట్టుకునేది ఇదే

కొత్త సైటులో పని మొదలయ్యేసరికి బిల్డరు జేసీబీ పై మట్టిని పునాది మట్టితో కలిపేసి ఉంటుంది. తోటకు ప్రాణం ఆ పైనున్న 15 నుంచి 20 సెంటీమీటర్ల పొరే. గడ్డివేళ్లు, సూక్ష్మజీవులు, సేంద్రియ పదార్థం అన్నీ ఉండేది అందులోనే. పునాది తవ్వకముందే ఆ పొరను గీకి ఒక మూల కుప్ప పోయించగలిగితే తర్వాత కొనాల్సిన మట్టి బాగా తగ్గుతుంది. కుప్ప ఎత్తు మీటరున్నర దాటకూడదు. దాటితే అడుగున గాలి ఆడక మట్టి పుల్లవాసన వేసి చచ్చిపోతుంది. కుప్ప మీద జీలుగో జనుమో చల్లితే వాన కోయదు, కలుపు ఎక్కదు, నత్రజని కూడా చేరుతుంది. ఇది జరగాలంటే తోటవాళ్లను భవనం పూర్తయ్యాక పిలిస్తే కుదరదు, పునాది రోజునే పిలవాలి. ఈ మాట బిల్డర్లకు నచ్చజెప్పడమే అసలు కష్టం.

ఎర్రమట్టి కొనక తప్పనప్పుడు అది ఎక్కడి నుంచి వస్తోందో అడిగి తీరాలి. విశాఖకూ భీమిలికీ మధ్య ఉన్న ఎర్రమట్టి దిబ్బలు వేల ఏళ్లపాటు గాలీ నీరూ సముద్రమూ కలిసి పేర్చినవి. దేశంలో ఇలాంటివి అరుదు కాబట్టే జియాలజికల్ సర్వే ఆఫ్ ఇండియా వాటిని భూవారసత్వ స్థలంగా గుర్తించింది. ఒక లాన్ కింద పరవడానికి ఆ దిబ్బలనో, ఊరి చుట్టూ ఉన్న కొండవాలునో కొరికి తెచ్చిన మట్టి పోసి, ఆ పైన ‘గ్రీన్’ అని బోర్డు పెట్టడం తప్పు. అనుమతి పత్రం చూపించలేని లోడును వెనక్కి పంపాలి. పైగా ఎర్రమట్టిలో సేంద్రియ పదార్థం బహు తక్కువ. ఎంత లోతు పోసినా అది మొక్కకు నిలబడే చోటు ఇస్తుందే గానీ తిండి పెట్టదు. సైటులో ఉన్న మట్టికే మూడో వంతు కంపోస్టు కలిపి 30 సెంటీమీటర్ల లోతున తిరగేస్తే పొదలకు చాలు.

సైటు మట్టిని వాడేముందు రెండు మూడు చోట్ల 45 సెంటీమీటర్ల గొయ్యి తీసి చూడాలి. మొక్కల మడుల్లో బిల్డర్లు పాతిపెట్టేవి అక్కడే బయటపడతాయి: సిమెంటు పెచ్చులు, సున్నం, టైల్స్ ముక్కలు, పెయింటు డబ్బాల మూతలు. సిమెంటు మట్టిలో క్షారాన్ని పెంచుతుంది, ఇనుము మట్టిలో ఉన్నా వేరుకు అందదు. నూరు వరహాల మొక్కలు నాటిన మూడు నెలలకే ఆకు పసుపై, ఈనెలు మాత్రం పచ్చగా మిగిలితే కారణం చాలాసార్లు ఇదే. అప్పుడు మొక్కలు మార్చి మళ్లీ మళ్లీ నాటడం డబ్బు దండగ. 20 మిల్లీమీటర్ల జల్లెడతో పెచ్చులు ఏరించాలి. ఏరిన పెచ్చులు కూడా పారేసేవి కావు, వాటి సంగతి తర్వాత వస్తుంది.

ఆకు కుప్ప వేడెక్కాలి

కంపోస్టు చేస్తున్నామని చెప్పే సైట్లలో చాలాచోట్ల కనిపించేది ఒక మూల ఏడాదిగా పడివున్న ఆకు దిబ్బ. పైన ఎండు, లోపల ఎండు, అడుగున చీమలు. కుప్పగా పోసినంత మాత్రాన ఆకు కంపోస్టు కాదు. అందుకు నాలుగు కుదరాలి.

మొదటిది పరిమాణం. పొడవు, వెడల్పు, ఎత్తు ఒక్కోటి కనీసం మీటరు ఉండాలి, 1.2 మీటర్లయితే ఇంకా మంచిది. అంతకంటే చిన్న కుప్ప తన వేడిని నిలుపుకోలేదు. రెండోది పాళ్లు. ఎండుటాకులో కర్బనం ఎక్కువ, ఒక వంతు నత్రజనికి సుమారు 50 నుంచి 60 వంతులు. తాజాగా కోసిన గడ్డిలో ఆ లెక్క 15 నుంచి 20. సూక్ష్మజీవులకు నచ్చేది 25 నుంచి 30. అది రావాలంటే తట్టల లెక్కన రెండు మూడు తట్టల ఎండుటాకుకు ఒక తట్ట పచ్చిగడ్డి వేయాలి. పచ్చి సరుకు దొరకని వేసవిలో 10 కిలోల తాజా పేడ 100 లీటర్ల నీటిలో కలిపి పొరపొరకూ చల్లాలి. మూడోది తడి. గుప్పెడు తీసి గట్టిగా పిండితే రెండు మూడు చుక్కలు రావాలి. ధార కడితే ఎక్కువైనట్టు, వేళ్లకు చెమ్మ అంటకపోతే తక్కువైనట్టు. నాలుగోది గాలి, అంటే తిరగేయడం.

ఇవి కుదిరితే మూడు నాలుగు రోజుల్లో కుప్ప లోపల 55 నుంచి 65 డిగ్రీల వేడి పుడుతుంది. థర్మామీటరు లేకపోయినా ఫర్వాలేదు. మీటరు పొడవు ఇనుప ఊచను కుప్ప నడుమకు గుచ్చి, పది నిమిషాలాగి లాగి, లోపలున్న కొసను పట్టుకోవాలి. చెయ్యి నిలవనంత వేడిగా ఉంటే పని నడుస్తున్నట్టే. గోరువెచ్చగా ఉంటే తిరగేసే వేళయింది. చల్లగా ఉంటే పై నాలుగింటిలో ఏదో తప్పింది. 55 డిగ్రీలు దాటిన వేడి కనీసం మూడు రోజులు నిలిస్తేనే కలుపు గింజలు చస్తాయి. అంచుల్లో ఉన్నది లోపలికీ, లోపలిది అంచుకీ వచ్చేలా తిరగేయాలి, లేకపోతే అంచున ఉన్న గింజ బతికిపోతుంది.

విశాఖ ఆకుతో ప్రత్యేకంగా ఒక చిక్కుంది. ఇక్కడ బాదం చెట్లు ఎక్కువ. బాదం ఆకు వెడల్పు, మందం, తోలులా ఉంటుంది. కుప్పలో ఒకదానిమీద ఒకటి విస్తళ్లలా అతుక్కుని పైనుంచి పోసిన నీటిని పక్కలకు జార్చేస్తాయి. పైన వరదలా పోసినా లోపల పొడిగానే ఉంటుంది. మామిడి, పనస ఆకులదీ ఇదే తంతు. వీటిని లాన్ మీద పరిచి గడ్డి కోసే మోవర్ రెండుసార్లు నడిపితే ముక్కలవుతాయి, కుప్ప పరిమాణం కూడా బాగా దిగుతుంది. సరుగుడు సూదులు, హెడ్జ్‌గా వేసే కోనోకార్పస్ మొక్క రెమ్మలు నెమ్మదిగా కుళ్లే రకం. వాటిని కుప్పలో తగ్గించి, నడక దారుల మీద పరవడానికి వాడుకోవడం తెలివైన పని.

వాసనే కుప్ప ఆరోగ్యం చెబుతుంది. ముక్కుపుటాలు మండించే అమోనియా వస్తే గడ్డి ఎక్కువైంది, ఎండుటాకు కలపాలి. కుళ్లిన గుడ్డు వాసన వస్తే నీరెక్కువై గాలి ఆడడం లేదు, విప్పి ఆరబెట్టాలి. గడ్డిని ఒకేచోట అడుగు మందాన వేస్తే జిగురు చాపలా కట్టేస్తుంది కాబట్టి ఒక పొర 5 సెంటీమీటర్లు దాటనివ్వకూడదు. చీమలు కాపురం పెట్టాయంటే తడి చాలనట్టు. ఇక్కడ నైరుతి వానలతోపాటు అక్టోబరులో ఈశాన్య రుతుపవనాలు, తుపాన్లు కూడా వస్తాయి. జూన్ నుంచి నవంబరు దాకా కుప్ప మీద టార్పాలిన్ ఉండాల్సిందే, అయితే పక్కలు తెరిచే ఉంచాలి. తెరిచిన కుప్ప మీద నెలరోజులు వాన పడితే పోషకాలన్నీ నల్లని కషాయమై కాలువపాలవుతాయి.

కొబ్బరి, ఈత, రాయల్ పామ్ ఉన్న తోటల్లో మరో ప్రమాదం ఉంది. దీన్ని చాలామంది పట్టించుకోరు. కొమ్ము పురుగు గుడ్లు పెట్టేది పేడకుప్పల్లో, కుళ్లుతున్న ఆకుల్లో, పుచ్చిన కొబ్బరి మొద్దుల్లో. కదపకుండా వదిలేసిన కంపోస్టు దిబ్బ దానికి పురిటిల్లు. అక్కడ పెరిగిన పురుగు ఎగిరి చెట్టు మొవ్వలో తొలుస్తుంది, విప్పుకున్న కొత్త మట్ట కత్తెరతో కోసినట్టు వి ఆకారంలో తెగి కనిపిస్తుంది. కుప్పను తిరగేసినప్పుడల్లా బొటనవేలంత లావున, తెల్లగా, సున్నా చుట్టినట్టు ముడుచుకుని ఉండే పురుగులను ఏరి చంపాలి. మెటారైజియం అనే శిలీంధ్రాన్ని కుప్పలో కలిపితే అది పురుగుకు జబ్బు తెప్పిస్తుంది. క్రమం తప్పక తిరగేసి వేడెక్కించే కుప్పలో ఈ బెడద తక్కువ. కంపోస్టు పెట్టాక పామ్ మొక్కలు పాడయ్యాయని నింద పడేది తిరగేయని కుప్పల వల్లే.

కుప్పలో వేయకూడనివి కొన్ని ఉన్నాయి. తుంగ గడ్డలతో సహా పీకినది వేస్తే అదే తుంగ మడులన్నిటికీ పంచినట్టు. దాన్ని నల్ల కవరులో మూతి కట్టి నెలా నెలన్నర మంచి ఎండలో పడేయాలి. వయ్యారిభామను పూత రాకముందు పీకితేనే కుప్పలోకి. లాన్ మీద 2,4-డి లాంటి కలుపుమందు కొట్టాక వచ్చే మొదటి రెండు మూడు కోతల గడ్డిని మొక్కల మొదట్లో పరవకూడదు, వెడల్పాకు మొక్కలు మెలితిరిగిపోతాయి.

మూడు, నాలుగు నెలలకు నల్లగా, వదులుగా, తొలకరి వాసనతో ఉన్నది పండిన కంపోస్టు. అనుమానంగా ఉంటే ఒక మూకుడులో పోసి పెసలు చల్లాలి. మూడు రోజుల్లో చక్కగా మొలిస్తే సరే, మొలక కొస మాడితే ఇంకా ఆగాలి. మడులకు 10 మిల్లీమీటర్ల జల్లెడ, లాన్ మీద పలచగా చల్లడానికి 6 మిల్లీమీటర్ల జల్లెడ సరిపోతుంది. వెయ్యి చదరపు అడుగుల లాన్ మీద 5 మిల్లీమీటర్ల మందాన పరవాలంటే 16 ఘనపుటడుగులు కావాలి. వంద ఘనపుటడుగుల ట్రాక్టర్ తొట్టి ఒకటి ఆరువేల చదరపు అడుగులకు వస్తుందన్నమాట. కొనే గెత్తంలో సగం పచ్చిగా, తుంగతో, రాళ్లతో వచ్చే సంగతి ఈ పనిలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. సైటులో తయారైనదానికి ఆ భయం లేదు.

కొబ్బరి సంగతి వేరు

కొబ్బరి మట్టను మామూలు ష్రెడ్డరులో (కొమ్మలను ముక్కలు చేసే యంత్రంలో) పెడితే పీచు బ్లేడు ఇరుసుకు చుట్టుకుని యంత్రం ఆగిపోతుంది. ఆకును ఈనె నుంచి వేరుచేసి ఆకు కుప్పలోకి, ఈనెలు చీపుళ్లకు, మట్ట మొదళ్లు మడి అంచులకు వాడుకోవచ్చు. బీచ్ రోడ్డులో రోజూ మిగిలే బొండాం డొక్కలను తోటకు తెచ్చుకోవాలనుకునేవారు రెండు విషయాలు చూసుకోవాలి. నీరు నిలిచేలా పైకి తెరిచి బయట వదిలితే ఒక్కో డొక్క డెంగీ దోమకు ఒక తొట్టె అవుతుంది. కొబ్బరి చెట్టుకు సుమారు రెండు మీటర్ల దూరంలో కందకం తీసి, లోపలి గుంట పైకి ఉండేలా పొరలుగా పేర్చి, ప్రతి పొర మీదా మట్టి కప్పి పూడ్చేస్తే మాత్రం అదే గుంట వాననీటిని పట్టి వేరుకు అందిస్తుంది. ఈ మేలు కొన్నేళ్లపాటు ఉంటుంది.

కొబ్బరి పొట్టును ఉన్నపళంగా మట్టిలో కలపడం తప్పు. దానిలో కర్బన, నత్రజని నిష్పత్తి సుమారు 112కు 1. మట్టిలోని నత్రజనిని అదే లాక్కుని మొక్కను పాలిపోయేలా చేస్తుంది. కాయిర్ బోర్డు ప్రచారం చేసిన పద్ధతిలో టన్ను పొట్టుకు 5 కిలోల యూరియా, కిలోన్నర పుట్టగొడుగు విత్తనం పొరలుగా వేసి తడి ఆరకుండా ఉంచితే ఆ నిష్పత్తి 24కు దిగుతుంది. కొనే కోకోపీట్ ఇటుకలయితే ఉప్పు కడిగినవేనా అని అడగాలి. కడగనివాటిలో లవణం ఎక్కువ, నారు అంచులు మాడతాయి.

మూడు గ్రాముల కవరు

మన ఊరి తోటలకు మొక్కల్లో పెద్ద భాగం సుమారు 200 కిలోమీటర్ల దూరంలోని కడియం నర్సరీల నుంచి, నల్ల కవర్లలో వస్తుంది. ఈ కవరును చేతిలోకి తీసుకుని ఒకసారి తూకం వేసి చూస్తే రీసైక్లింగ్ ఎందుకు జరగడం లేదో తెలుస్తుంది. ఆరు అంగుళాల వెడల్పు, ఎనిమిది అంగుళాల పొడవు ఉన్న 50 మైక్రాన్ల కవరు బరువు మూడు గ్రాములు. వెయ్యి మొక్కలు నాటిన సైటులో మిగిలే ప్లాస్టిక్ మొత్తం మూడు కిలోలే. కానీ ఒక్కో కవరుకు అంటుకున్న తడి మట్టి పది గ్రాములుంటే మూట పదమూడు కిలోలవుతుంది. పాత ఇనుప సామాన్ల కొట్టువాడు దాన్ని తీసుకోడు. కడిగించుకునే ఖర్చు అతనికి గిట్టదు. తూకం తక్కువ, మట్టి ఎక్కువ అన్న ఈ ఒక్క లెక్క వల్ల ఆ కవర్లు కాలువలోకో, మంటలోకో, అన్నిటికంటే ఎక్కువగా నాటిన గోతుల్లోకో పోతున్నాయి. ఏ పాత తోటలో పారతో తవ్వినా నల్ల పేలికలు పైకి రావడం అందుకే.

పరిష్కారం నాటే తీరులోనే ఉంది. నాటబోయే ముందు రోజు సాయంత్రం కవర్లకు నీళ్లు పెట్టి తెల్లారేదాకా వదిలేయాలి. అప్పటికప్పుడు తడిపితే మట్టిగడ్డ బురదై విడిపోతుంది, అసలు తడపకపోతే పొడిగా రాలిపోతుంది. కవరును చుట్టూ అరచేతులతో మెత్తగా ఒత్తి, మొక్క మొదలును వేళ్ల సందున పట్టి తలకిందులు చేసి అడుగున తడితే గడ్డ చెక్కుచెదరకుండా జారుతుంది. బ్లేడు అక్కరలేదు. కోయని కవరు కొమ్మలు నాటుకోవడానికి ఇంకోసారి పనికొస్తుంది. కోసినదయితే చిరిగి రెండు ముక్కలవుతుంది, ఒకటి గోతిలో ఉండిపోతుంది. తీసిన కవర్లను ఒక గోనె మీద పరిచి నీడలో ఆరనిచ్చి, మట్టి పెళుసెక్కాక దులపాలి. అప్పుడది ప్లాస్టిక్, దానికి ధర ఉంది. ఎండలో ఏడాది పడివున్న కవరు మాత్రం పెళుసై పట్టుకుంటే పొడవుతుంది. దాన్ని ఇక ఎవరూ ఏరలేరు. నాటే ముఠాలో ఒకరికి గోనె సంచి అప్పజెప్పి, సాయంత్రం మొక్కల లెక్కతో కవర్ల లెక్క సరిచూస్తే కవరుతో సహా నాటేసిన మొక్కలు కూడా దొరికిపోతాయి. అలా నాటడం అరుదేమీ కాదు. గట్టి ప్లాస్టిక్ కుండీలైతే సైజులవారీగా ఒకదానిలో ఒకటి పేర్చి, మొక్కలు దించి ఖాళీగా వెళ్లే లారీలోనే నర్సరీకి తిప్పి పంపే మాట కొనేటప్పుడే అనుకోవాలి.

కవరు తీయగానే వేళ్లు చూడాలి. కవరులో ఎక్కువ కాలం ఉన్న చెట్టు మొక్కకు వేళ్లు అడుగున చుట్టలు చుట్టుకుని ఉంటాయి. అలాగే నాటితే ఆ చుట్ట జీవితాంతం విప్పుకోదు. పైకి నాలుగైదేళ్లు బాగానే పెరుగుతుంది, గట్టి గాలి రాగానే చుట్టతో సహా ఊడి పడుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ ఊరి పచ్చదనాన్ని ఒక్క పూటలో నేలకూల్చింది. మళ్లీ అలాంటి రోజు రాదనుకుని నాటడానికి లేదు. చుట్ట వేళ్లను నిలువుగా మూడు నాలుగు చోట్ల కోసి, విడదీసి నాటాలి. మరీ ముదిరినవాటిని వెనక్కి ఇచ్చేయాలి. ఎత్తుగా ఉందని ముదురు మొక్క కొనడం కంటే రెండేళ్ల లేత మొక్క నాటడం మంచిదన్నది అనుభవం ఉన్న ప్రతి మాలీ చెప్పే మాట. పోయిన మొక్క స్థానంలో మళ్లీ నాటే ‘గ్యాప్ ఫిల్లింగ్’ ఈ వ్యాపారంలో అన్నిటికంటే ఖరీదైన వ్యర్థం.

ఎంపికలోనూ అంతే. సముద్రపు ఉప్పుగాలి తగిలే చోట గంగరావి, పొన్న, కానుగ, సరుగుడు, మొగలి నిలుస్తాయి. త్వరగా పచ్చబడుతుందని కోనోకార్పస్ వరసలు వేస్తే కత్తిరింపు ఆగదు, వేళ్లు కాలువల్లోకి, పైపుల్లోకి దూరతాయి. గుజరాత్ 2023లో దాన్ని నాటడం నిషేధించింది. హెడ్జ్ ఎత్తు మూడడుగులే కావాలనుకుంటే, పదడుగులు పెరిగే మొక్కను పెట్టి ప్రతి మూడు వారాలకూ కత్తెర పట్టడం దేనికి?

నీరు

లాన్ వేసవిలో రోజుకు సుమారు 5 మిల్లీమీటర్ల నీరు తాగుతుంది, అంటే చదరపు మీటరుకు 5 లీటర్లు. వెయ్యి చదరపు అడుగులకు 465 లీటర్లు. పదివేల అడుగుల లాన్‌కు రోజూ 4,650 లీటర్లు, అంటే ఇంచుమించు ఒక ట్యాంకరు కావాలి. నడవని చోట, ఆడని చోట లాన్ తీసి నేలపాకుడు మొక్కలు వేస్తే నీరే కాదు, కోత గడ్డి, పెట్రోలు కూడా తగ్గుతాయి.

నూరు ఇళ్ల అపార్టుమెంటులో ఇంటికి నలుగురు, మనిషికి 135 లీటర్ల లెక్కన రోజుకు 54 వేల లీటర్ల వాడకం. అందులో ఐదింట నాలుగు వంతులు మురుగునీటి శుద్ధి ప్లాంటుకు చేరుతుంది. తోటకు కావాల్సినదానికంటే ఎక్కువ నీరు అక్కడే ఉండగా బోరు నీరు పెట్టడం అన్యాయం. కాకపోతే శుద్ధి నీటికి తగిన ఏర్పాటు కావాలి. డ్రిప్పుకు ముందు ఇసుక ఫిల్టరు, ఆ తర్వాత 130 మైక్రాన్ల డిస్క్ ఫిల్టరు తప్పనిసరి. 16 మిల్లీమీటర్ల గొట్టాల కొసలు వారానికొకసారి విప్పి నల్ల జిగురు పోయేదాకా నీరు వదలాలి. అయినా చుక్కలు ఆగితే 10 నుంచి 20 పీపీఎం (లీటరుకు అన్ని మిల్లీగ్రాముల) క్లోరిన్ నీటిని అరగంట నింపి ఉంచి కడిగేయాలి. పిల్లలు ఆడే లాన్ మీద ఈ నీటిని స్ప్రింక్లరుతో చిమ్మకూడదు. గొట్టాల రంగు వేరుగా ఉండాలి, తాగునీటి లైనుతో ఎక్కడా కలవకూడదు.

ఈ నీటిలో సోడియం, క్షారం ఎక్కువ. నూరు వరహాలు ముందుగా పసుపెక్కి హెచ్చరిస్తుంది. మెక్సికన్ గడ్డి, గన్నేరు, కాగితం పూలు తట్టుకుంటాయి. లవణాల మోతాదు చెప్పే ఈసీ మీటరు ఒకటి కొని నెలకోసారి నీటిని, మట్టిని చూసుకోవడం మంచిది. వానాకాలం లవణాలను కిందికి కడిగేస్తుంది, మార్చి నుంచి జూన్ దాకానే జాగ్రత్త. సముద్రం పక్క కాలనీల బోర్లకూ ఇదే మీటరు అవసరం. వేసవిలో తోడిన కొద్దీ ఉప్పు పైకొస్తుంది. మట్టిలో సోడియం తగ్గించడానికి జిప్సం వేయాలా వద్దా అన్నది మట్టి పరీక్ష చూశాకే.

రాయి, పెచ్చు, ఫ్లెక్సీ

పగిలిన కాంక్రీటు పలకలు 60 నుంచి 100 మిల్లీమీటర్ల మందం ఉంటే నడకరాళ్లుగా బాగా పనికొస్తాయి. 50 మిల్లీమీటర్ల ఇసుక పరుపు మీద, సందుల్లో రెండు సెంటీమీటర్లు వదిలి పేర్చి ఆ సందుల్లో గడ్డి పెట్టాలి. చిన్న పెచ్చులు, ఇటుక ముక్కలు దారి అడుగుకు వెళ్తాయి, మొక్కల మడిలోకి మాత్రం రాకూడదు. మడి అంచులకు కొత్త ఇటుక కావాలంటే పరవాడ సింహాద్రి విద్యుత్ కేంద్రం బూడిద ఉన్న ఈ ఊళ్లో ఫ్లైయాష్ ఇటుకకు కొదవలేదు.

గులకరాళ్ల కింద కలుపు రాకుండా పాత ఫ్లెక్సీలు పరవడం పునర్వినియోగంలా కనిపిస్తుంది గానీ కాదు. ఫ్లెక్సీ పీవీసీ పూత పూసిన గుడ్డ. నీరు దిగదు, చెట్టు వేరుకు గాలి అందదు, కొన్నాళ్లకు పూత పెచ్చులుగా లేచి మట్టిలో కలుస్తుంది. దాని బదులు టేపు పీకేసిన అట్టపెట్టెలు రెండు వరసలు తడిపి పరిచి, పైన 7 సెంటీమీటర్ల ఆకు, చెక్క ముక్కల పరుపు వేస్తే ఆరు నెలలు కలుపు ఆగుతుంది. చెదల భయం ఉంది కాబట్టి గోడకు రెండడుగులు, చెట్టు మొదలుకు అరడుగు దూరం వదలాలి. అప్పుడే కొట్టిన పచ్చి చెక్క ముక్కలను ముందు నడకదారుల మీద ఆరు నెలలు తొక్కనిచ్చి తర్వాత మడులకు ఎత్తాలి, మట్టిలో కలిపితే నత్రజని లాగేస్తాయి.

యంత్రాల గురించి రెండు ముక్కలు. మోవర్ నుంచి తీసిన పాత ఆయిల్‌ను చెదల కోసం కంచె స్తంభాల మొదట్లో పోసే అలవాటు మానాలి, డబ్బాలో పట్టి పాత ఆయిల్ కొనేవారికి ఇవ్వాలి. లాన్ ఎత్తులో మూడో వంతుకు మించి కోయకుండా, పదునైన బ్లేడుతో తరచుగా కోస్తే గడ్డి ముక్కలను ఎత్తకుండా అక్కడే వదిలేయవచ్చు. రెండు రోజుల్లో కనబడకుండా ఇంకిపోతాయి.

ఒప్పందంలో ఏం రాయాలి

ఇవన్నీ ఆగిపోయేది సాధారణంగా ఒకే చోట. తోట అంటే అద్దంలా ఊడ్చి ఉండాలని అపార్టుమెంటు కమిటీ కోరుతుంది, కుప్పకు చోటివ్వదు. కాబట్టి నిర్వహణ ఒప్పందం రాసేటప్పుడే ఆరు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పున్న స్థలం, ఒక కుళాయి, ష్రెడ్డరుకు 15 ఆంపియర్ల ప్లగ్గు అడగాలి. ఆ స్థలంలో వెల్డ్ మెష్ (ఇనుప వల)తో 1.2 మీటర్ల గదులు మూడు కట్టుకుంటే ఒకటి నిండేలోపు రెండోది కాగుతుంది, మూడోది పండుతుంది. ఊడ్చేది దారులు, లాన్ మాత్రమేననీ, పొదల కింద ఆకు కదపబోమనీ రాసుకోవాలి. తుపాను తర్వాత పడిన కొమ్మలను వేరుచేసే పద్ధతి కూడా ముందే ఉండాలి: మొద్దులు బల్లలకు, మడి అంచులకు, మూడంగుళాలలోపు కొమ్మలు ష్రెడ్డరుకు, ఆకు కుప్పకు.

కొటేషన్‌లో ఆకు బయటికి మోసే కిరాయి, గెత్తం లోపలికి తెచ్చే కిరాయి విడివిడి వరసలుగా, లోడుల సంఖ్యతో సహా చూపించాలి. అన్నీ కలిపి నెలకింత అని ఒకే అంకె వేస్తే ఎవరికీ ఏదీ కనబడదు. ఆ రెండు వరసలూ పక్కపక్కన కనబడిన సమావేశంలో కుప్పకు చోటు ఎక్కడివ్వాలన్న మాట కమిటీ నుంచే వస్తుంది.